వెళ్ళొస్తానన్న మాట వాళ్ళకీ ఉంది!

"జపనీసా? ఇప్పుడు నీకెందుకు?"

ఇల్లాలు కొత్తగా ఏదైనా భాష నేర్చుకుంటానంటే ముందు వినపడే ప్రశ్న ఇదే. కుట్టుపనికి, కేకులకి, ముగ్గులకి ఈ ప్రశ్న రాదు. అవి ఇంటికి పనికొస్తాయి మరి. భాష అనేసరికి మాత్రం, "ఉద్యోగం చేస్తావా? పరీక్ష రాస్తావా? మరెందుకు?" అని ఆరా తీస్తారు. ఆ ప్రశ్నకి నా జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఓపిగ్గా వినండి.

నేను మూడేళ్ళుగా మధ్యాహ్నం పనులయ్యాక ఓ గంట కూర్చుని జపనీసు నేర్చుకుంటున్నాను. పండితురాలిని కాను. కానీ ఈ మూడేళ్ళలో నాకు రెండు అభిప్రాయాలు గట్టిపడ్డాయి. మొదటిది, భర్త ఉద్యోగం కారణంగా జపాను వెళ్ళే ప్రతి అమ్మాయీ విమానం ఎక్కకముందే ఆ భాష కొంతైనా నేర్చుకుని తీరాలి. రెండోది, దాన్ని ఇంగ్లీషు దారిలో కాకుండా తెలుగు దారిలో నేర్చుకోవాలి. ఎందుకంటే మనకది దగ్గరి దారి.

మొదటి మాట ఎందుకంటున్నానో చెబుతాను. మా చెల్లెలు పెళ్ళయి నగోయా వెళ్ళింది. మరిదిగారి కంపెనీ ఆయనకి ఆర్నెల్లు భాష నేర్పించి తీసుకెళ్ళింది. మా చెల్లికి మాత్రం వీసా దొరికింది, అంతే. అది ఎమ్మెస్సీ చదివింది. ఇక్కడ ఉండగా బ్యాంకు పనులు, గ్యాసు పనులు అన్నీ ఒంటిచేత్తో చక్కబెట్టేది. అక్కడికి వెళ్ళాక మూగదైపోయింది. కూరల కొట్లో మాట్లాడదు, బస్సులో మాట్లాడదు, పక్కింటావిడ పలకరిస్తే నవ్వి తలుపేసుకుంటుంది. కడుపులో నొప్పి వచ్చినా సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆగాల్సిందే. డాక్టరు దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునే సంగతులు కూడా మొగుడి నోటిమీదుగానే వెళ్ళాలి. ఆయన మంచివాడే. కానీ ఎంత మంచివాడైనా మన నొప్పి మన నోటితో చెప్పుకోవడం వేరు, ఇంకొకరు అనువాదం చేసి చెప్పడం వేరు. అవునా, కాదా?

రెండేళ్ళయ్యాక పురిటికి సాయంగా నేను వెళ్ళాను. అప్పటికి అది నేర్చుకోవడం మొదలుపెట్టింది. బిడ్డకి మూడో వారంలో ఒళ్ళు వెచ్చబడింది. ఆయన ఊళ్ళో లేడు. ఇద్దరం పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇత్సు కర దెసు క?" ఇత్సు అంటే ఎప్పుడు, కర అంటే నుంచి, చివర క అంటే ప్రశ్న. 'ఎప్పటి నుంచండీ?' అని. మా చెల్లి తడుముకోకుండా, "కినో కర దెసు" అంది. కినో అంటే నిన్న. నిన్నటి నుంచి. ఆ రెండు ముక్కలు ఆ పూట ఆ తల్లికి ఎంత బలమో నేను కళ్ళారా చూశాను. ఊరు తిరిగొచ్చాక పుస్తకం కొనుక్కున్నాను.

ఇప్పుడు రెండో మాటకి వస్తాను. మార్కెట్లో దొరికే పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసినవి. మొదటి పేజీలోనే, 'జపనీసులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇది చాలా వింతగా ఉంటుంది' అని భయపెడతాయి. మనకేం వింత? మనం పుట్టిన దగ్గర్నుంచీ అలాగే మాట్లాడుతున్నాం. కర్త, కర్మ, క్రియ. 'నేను నీళ్ళు తాగుతాను' అన్నదాన్ని వాళ్ళు 'వతషి వ మిజు ఒ నొమిమసు' అంటారు. వతషి అంటే నేను, మిజు అంటే నీళ్ళు, నొమిమసు అంటే తాగుతాను. 'ఒ' అనేది మన 'ని' లాంటి ద్వితీయా విభక్తి. 'వ' అనేది 'నేనైతే' అనడంలో ఉన్న ఆ చిన్న ఒత్తు లాంటిది. చివరి 'మసు'లో ఉకారం దాదాపు వినపడదు, 'మస్' అన్నట్టే ఉంటుంది.

ఇంగ్లీషులో మాటకి ముందు వచ్చేవన్నీ జపనీసులో మనలాగే మాట వెనక వస్తాయి. 'నగొయ కర తోక్యో మదె బసు దె ఇకిమసు.' నగోయా నుంచి టోక్యో వరకు బస్సులో వెళ్తాను. ఒక్క మాట కూడా చోటు మారలేదు చూడండి. 'ఇమోతొ తొ ఇకిమసు' అంటే చెల్లెలితో వెళ్తాను. వాళ్ళ 'తొ', మన 'తో' ఒకేలా వినపడటం కేవలం కాకతాళీయం. జ్ఞాపకం పెట్టుకోవడానికి మాత్రం భలే వీలు.

ఇది, అది, ఏది అని మనం ఒకే అచ్చులో పోస్తాం కదా. వాళ్ళూ అంతే. కొరె అంటే ఇది, దొరె అంటే ఏది. కొకొ అంటే ఇక్కడ, దొకొ అంటే ఎక్కడ. 'అది'కి మాత్రం వాళ్ళకి రెండున్నాయి. వినేవారి దగ్గరుంటే సొరె, ఇద్దరికీ దూరంగా ఉంటే అరె.

ఇక మన హైస్కూలు తెలుగు వ్యాకరణం ఒకసారి గుర్తు చేసుకోండి. క్త్వార్థకం, శతృర్థకం, చేదర్థకం అంటూ బట్టీ పట్టి, పరీక్ష అవగానే మర్చిపోయాం. అవన్నీ ఇక్కడ అక్కరకొస్తాయి. 'అస ఒకితె, కోహీ ఒ నొందె, షింబున్ ఒ యొమిమసు.' పొద్దున లేచి, కాఫీ తాగి, పేపరు చదువుతాను. ఒకితె అంటే లేచి, నొందె అంటే తాగి. క్త్వార్థకమే! 'ఒచ ఒ నొమినగర' అంటే టీ తాగుతూ. ఇది శతృర్థకం. 'అమె గ ఫుత్తర ఇకిమసెన్' అంటే వాన పడితే వెళ్ళను. ఇది చేదర్థకం. ఇంగ్లీషు పుస్తకం వీటికి మూడు పెద్ద పాఠాలు పెడుతుంది. మనకి మూడు వాక్యాలు చాలు.

ఇంకా తమాషా ఉంది. కొత్త కూర వండితే 'తిని చూడు' అంటాం కదా. తినడానికీ కళ్ళకీ ఏం సంబంధం? అయినా అంటాం. వాళ్ళూ 'తబెతె మిమసు' అంటారు. అక్షరాలా 'తిని చూస్తాను'. ముందుగా 'కొని ఉంచుతాను' అనడానికి 'కత్తె ఒకిమసు' అంటారు, ఒకు అంటే ఉంచడం, పెట్టడం.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది గుమ్మం దగ్గరి మాట. మనం ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు 'వెళ్తున్నాను' అనం. అలా అంటే అమ్మమ్మలు కోప్పడేవారు. 'వెళ్ళొస్తాను' అనాలి. జపనీసు ఇళ్ళల్లోనూ రోజూ గుమ్మం దగ్గర అనే మాట 'ఇత్తె కిమసు'. ఇత్తె అంటే వెళ్ళి, కిమసు అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు 'ఇత్తెరష్షై' అంటారు. వెళ్ళి రండి! తిరిగొచ్చినవాళ్ళు 'తదైమ' అంటే, ఇంట్లోవాళ్ళు 'ఒకయెరి నసై' అని స్వాగతం చెబుతారు. ఇంగ్లీషులో ఈ మాటకి సరైన సాటి లేదు. మనకి ఉంది. మరి మనం ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి ఎందుకు వెళ్ళాలి?

ఉచ్చారణకీ మన లిపే మేలు. వాళ్ళ అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికి దీర్ఘాలు. ఒబసన్ అంటే పిన్ని లేదా అత్త వరసావిడ. ఒబాసన్ అంటే బామ్మ. నలభై ఏళ్ళావిడని ఒబాసన్ అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెంటినీ ఒకేలా రాసేస్తారు. మన దీర్ఘం గుర్తు ఉండగా మనకి ఆ చిక్కు లేదు. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ళ. ఒక్క ఒత్తు తేడా. బ్యోయిన్ అంటే ఆస్పత్రి, బియోయిన్ అంటే బ్యూటీ పార్లరు. జ్వరంతో ఉన్న మనిషిని తీసుకుని ఎక్కడికి వెళ్తున్నామో తెలియాలంటే ఆ వత్తు సరిగ్గా పలకాలి మరి!

పరాయి మాటల చివర మనం ఉకారం తగిలిస్తాం. బస్సు, టేబులు, హోటలు. వాళ్ళూ బసు, తేబురు, హొతెరు అంటారు. వాళ్ళకి 'ల' లేదు కాబట్టి 'ర' వచ్చింది. బంధుత్వాల్లోనూ అంతే. అక్కనీ చెల్లినీ ఒకే మాటలో కుక్కే ఇంగ్లీషులా కాదు. అనె అంటే అక్క, ఇమోతొ అంటే చెల్లి, అని అంటే అన్న, ఒతోతొ అంటే తమ్ముడు. మనుషుల్ని లెక్కపెట్టడానికి మనకి ఒకరు, ఇద్దరు, ముగ్గురు అని వేరే ఉన్నట్టే వాళ్ళకి హితొరి, ఫుతరి, సన్నిన్ అని ఉన్నాయి.

అలాగని తెలుగూ జపనీసూ అక్కచెల్లెళ్ళని ఎవరైనా చెబితే నమ్మకండి. ఓనొ సుసుము అనే జపాను పండితుడు తమిళానికీ జపనీసుకీ చుట్టరికం ఉందని వాదించాడు. ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. రక్తసంబంధం లేకపోయినా ఇరుగుపొరుగుల్లా పొందికలు కలవొచ్చు కదా. మనకి కావలసింది ఆ పొందికే.

ఇప్పుడు ఆడవాళ్ళ కోణంలోంచి చూద్దాం. తెలుగులో మగవాడు 'వస్తాడు'. ఆడమనిషి 'వస్తుంది'. ఆవూ 'వస్తుంది', బస్సూ 'వస్తుంది'. మన వ్యాకరణం ఏకవచనంలో స్త్రీని ఆవుతో, బస్సుతో కలిపి ఓ మూల కూర్చోబెట్టింది. జపనీసులో ఎవరొచ్చినా 'కిమసు'. ఆడా మగా తేడా లేదు. ఉండటానికి మాత్రం రెండు మాటలున్నాయి. ప్రాణమున్న మనుషులకీ జంతువులకీ 'ఇమసు', కుర్చీకీ పుస్తకానికీ 'అరిమసు'. ఆడమనిషి మగమనిషితోనే కూర్చుంది, కుర్చీతో కాదు. ఈ ఒక్క పాఠం చదివినరోజు నాకు ఎంత సంతోషం వేసిందో!

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదనుకోండి. తరవాతి పాఠంలో మొగుడూ పెళ్ళాల మాటలొచ్చాయి. తన భార్య గురించి చెప్పడానికి మగవాళ్ళు వాడుతూ వచ్చిన పాతమాట 'కనై'. అంటే ఇంటి లోపల అని. ఇంకొకరి భార్య 'ఒకుసన్', లోపలుండే ఆవిడ. భర్త 'షుజిన్', అంటే యజమాని. మన ఇల్లాలు, గృహిణి అన్న మాటల్లోనూ ఇల్లే ఉంది. ఎక్కడికెళ్ళినా మన పేరు ఇంటి గోడలకే మేకు కొట్టి ఉందన్నమాట. సమానంగా పలికే 'త్సుమ', 'ఒత్తొ' అన్న మాటలు కూడా వాళ్ళకున్నాయి. భార్య, భర్త. నేర్చుకునేవాళ్ళు ముందు వీటినే నేర్చుకోవాలని నా సలహా. ఇంకో ముచ్చట, 'అనత' అంటే మీరు అని పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని అందరి మీదా వాడకూడదు. భార్యలు భర్తని పిలిచే మాట అది. మన 'ఏమండీ' లాగా! ఎదుటివారిని పేరు చివర సన్ చేర్చి పిలవడం మర్యాద. సన్ అంటే మన గారు. మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా, సన్ కూడా అంతే. అయితే ఒక తేడా ఉంది. మనం బయటివాళ్ళతో కూడా 'మా అత్తగారు' అంటాం. వాళ్ళు బయటివాళ్ళ ముందు తమవాళ్ళని తగ్గించే చెబుతారు. మీ అమ్మగారు 'ఒకాసన్', మా అమ్మ 'హహ'.

మరి చదవడం, రాయడం సంగతేమిటంటారా? అక్కడే అందరూ బెదిరిపోతారు. హిరగన 46 అక్షరాలు, కతకన 46 అక్షరాలు. యాభై పైచిలుకు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు దిద్దిన మనకి ఇదో లెక్కా? పైగా ఆ వరస వినండి: అ ఇ ఉ ఎ ఒ, తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల పోలిక కనిపిస్తోందా? బౌద్ధ భిక్షువులు సంస్కృతం కోసం సిద్ధం లిపి నేర్చుకున్న ప్రభావం అది. కంజి మాత్రం నిజంగా కొండే. వాడుకకని ప్రభుత్వం 2010లో సవరించిన పట్టికలో 2,136 ఉన్నాయి. మొదటి ఆర్నెల్లు ఆ కొండ వైపు చూడకండి. హిరగనతో మొదలుపెట్టండి.

హిరగన వెనక ఉన్న కథ ప్రతి ఆడపిల్లకీ తెలియాలి. వెయ్యేళ్ళ కిందట జపానులో చదువంటే చైనా లిపి, అది మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళు ఎక్కువగా హిరగనలో రాసుకునేవారు. దానికి 'ఒన్నదె' అని పేరు, ఆడవాళ్ళ చేతిరాత అని. ఆ రాతలోనే పదకొండో శతాబ్దం మొదట్లో మురసకి షికిబు 'గెంజి మొనొగతరి' అనే మహా కథాగ్రంథం రాసింది. సెయి షోనగొన్ రాజాంతఃపురం ముచ్చట్లు రాసింది. అంతకుముందే, 935 ప్రాంతంలో, కి నొ త్సురయుకి అనే మగకవి తన ప్రయాణపు దినచర్యని ఆడమనిషి రాస్తున్నట్టుగా ఈ లిపిలో రాశాడు. ఆనాటి మగవాళ్ళ చైనా భాషలోని రాతలకంటే ఆడవాళ్ళ రాతల్నే లోకం ఇవాళ ఎక్కువగా చదువుతోంది. తీరిక వేళల్లో కథలు రాసుకునే నాలాంటి దానికి ఇంతకంటే ధైర్యం చెప్పే సంగతి ఇంకేం కావాలి?

ఇక రోజువారీ మాటలు. ఇవి కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించుకోండి. పొద్దున పలకరింపు ఒహయో గొజైమసు. పగలు కొన్నిచివ, సాయంత్రం కొంబన్‌వ. కృతజ్ఞతకి అరిగతో గొజైమసు. సుమిమసెన్ అన్నది బహుముఖ ప్రజ్ఞగల మాట. క్షమించండి, కాస్త ఇలా చూడండి, మీకు శ్రమ ఇచ్చాను, అన్నిటికీ అదే. ఎంతండీ అనడానికి ఇకుర దెసు క. నీళ్ళివ్వండి అనడానికి మిజు ఒ కుదసై. వకరిమసెన్ అంటే అర్థం కాలేదు. యుక్కురి హనషితె కుదసై అంటే నెమ్మదిగా మాట్లాడండి. ఈ చివరి రెండూ సిగ్గుపడకుండా వాడాలి. తినేముందు ఇతదకిమసు, తిన్నాక గొచిసోసమ దెషిత అంటారు. శాకాహారులు 'నికు మొ సకన మొ తబెమసెన్' అని చెప్పాలి. మాంసం కూడా, చేప కూడా తినను అని. అయినా సరిపోదు. చాలా పులుసుల్లో ఎండుచేపతో కాచిన దషి అనే రసం కలుస్తుంది. దాని గురించి విడిగా అడగాలి.

ఒంట్లో బాగాలేనప్పటి మాటలు అన్నిటికంటే ముఖ్యం. అతమ గ ఇతై దెసు, తల నొప్పిగా ఉంది. ఒనక గ ఇతై దెసు, కడుపు నొప్పిగా ఉంది. నెత్సు గ అరిమసు, జ్వరం ఉంది. అంబులెన్సుకి 119, పోలీసులకి 110. గర్భిణులు నగరపాలక కార్యాలయంలో నమోదు చేసుకుంటే 'బొషి తెచో' అనే తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకం ఇస్తారు. 1948 నుంచి ఉన్న పద్ధతి అది. ఇక చెత్త! చాలా ఊళ్ళలో 'మొఎరు గొమి', 'మొఎనై గొమి' అని వేరు చేయాలి. మండే చెత్త, మండని చెత్త. తెలుగు వ్యాకరణమే మళ్ళీ!

ఇదంతా జపాను వెళ్ళేవాళ్ళకే అనుకోకండి. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాను కంపెనీలు వచ్చాయి. నైపుణ్యమున్న పనివాళ్ళని పంపే విషయమై 2021 జనవరిలో మన దేశానికీ జపానుకీ ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ లాంటి పనులు అందులో ఉన్నాయి. వాటికి వెళ్ళాలంటే భాషా పరీక్ష తప్పదు. మన ఊళ్ళ నుంచి వెళ్ళే ఆడపిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టి ఊరుకుంటే చాలదు. జెఎల్‌పిటి పరీక్షలో మాట్లాడించే భాగమే లేదు. అక్కడ ముసలావిడ 'ఇతై' అని మూలిగితే, ఎక్కడ అని ఆప్యాయంగా అడగగలగాలి.

అవతలివైపు చూడండి. మన 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరులో జపానులో విడుదలయ్యాక అక్కడి ఆడవాళ్ళు ఎంత అభిమానించారో అందరికీ తెలుసు. పాత్రలన్నీ స్త్రీలే వేసే తకరజుక నాటక బృందం 2024లో దాన్ని రంగస్థలం మీద కూడా ఆడింది. వాళ్ళు మన దగ్గరికి అంత దూరం వచ్చినప్పుడు మనం రెండడుగులు వేయలేమా?

అందుకే నేననేది ఇది. ఉద్యోగికి భాష నేర్పించే కంపెనీలు ఆయన భార్యకీ ఆ తరగతిలో ఓ కుర్చీ వేయాలి. తెలుగు పండితులూ జపనీసు తెలిసినవాళ్ళూ కలిసి మన వ్యాకరణం మీదుగా నడిచే పుస్తకాలు రాయాలి. అమ్మాయికి విదేశీ సంబంధం కుదిరితే పట్టుచీరలు, పచ్చళ్ళు, పోపుల డబ్బా సర్దే తల్లులు ఆ పెట్టెలోకి భాష కూడా చేర్చాలి. బరువు లేదు, విమానంవాళ్ళు పట్టుకోరు. పెళ్ళికీ ప్రయాణానికీ మధ్య నాలుగు నెలలుంటే, రోజుకో గంట చాలు.

ఇక ఎక్కడికీ వెళ్ళని నాలాంటివాళ్ళ సంగతా? మెదడుకి పని కల్పించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "నీకెందుకు?" అన్నవాళ్ళకి "నాకోసం" అని చెప్పండి. అదీ జపనీసులోనే చెప్పండి. 'వతషి నొ తమె దెసు!'